గొడుగు ఊచల రైలుబాట

విరిగిన గొడుగు కనిపిస్తే నేను ఆగలేను. అరవై దాటినదాన్ని, పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, భిలాయి క్యాంప్ టూ బజారులో గొడుగులు బాగుచేసే అతని ముందు గొంతుక్కూర్చుని పనికిరాని ఊచలు ఏరుకుంటుంటే చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఈసారి వానలు తగ్గాక కూడా అదే పని చేశాను. "దీదీ, యే టూటా ఛాతా లేకే క్యా కరోగీ?" అని, విరిగిన గొడుగుతో ఏం చేస్తావని అడిగాడతను. రైలు పట్టాలు వేస్తానని చెప్పాను. నా మొహంలోకి ఒకసారి చూసి, గుప్పెడు ఊచలు ఊరికే చేతిలో పెట్టి, పక్క కొట్టువాడి వైపు తిరిగి కణత దగ్గర వేలు తిప్పాడు. తిప్పుకోనీ! ఇంటికొచ్చే దారంతా నా కాళ్ళు నేలమీద ఆనలేదు. తెచ్చినవాటిలో చాలావరకు ఇప్పటి మడతగొడుగుల ఊచలే, పట్టుకుంటే వంగిపోయే రకం. పాత నల్లగొడుగువి నాలుగే ఉన్నాయి. వాటికి ఒక పక్క గాడి, రెండో పక్క నున్నటి వీపు. బోర్లించి రెండు వరసలుగా పరిస్తే అచ్చం రైలుపట్టాలే. ఆ సంగతి కనిపెట్టింది మా నాన్న. ఆయన పొద్దున్న లేస్తే చేసేది నిజం పట్టాలు మరి.

నాన్న భిలాయి ఉక్కు ప్లాంటులో, రైల్ మిల్లులో పనిచేసేవాడు. ఎర్రగా కాలిన ఉక్కుదుంగ ఒక పక్కనుంచి లోపలికి వెళ్ళి రెండో పక్క పట్టాగా బయటికి వస్తుందని, అది చల్లారాక వంకర ఉందో లేదో చూడటం తన పని అని చెప్పేవాడు. ఒక కన్ను మూసి, ఒంగి, చివరినుంచి చివరికి చూపు సాగదీసి చూడాలట. ఆ చూపు ఇంటికి కూడా వెంట వచ్చేసేది. మునక్కాడలు కొంటే ఒక కన్ను మూసి చూసేవాడు. కొత్త చీపురైతే అడ్డంగా పట్టుకుని చూసేవాడు. బడికి తయారై నిలబడితే నా పాపిడి కూడా అలాగే చూసి, "వంకరొచ్చింది, మల్లా దువ్వించుకో" అనేవాడు. షిఫ్టు దిగి వచ్చాక చేతులకు మెషీన్ నూనె, బట్టలసబ్బు కలిసిన వాసన ఉండేది. ప్లాంటు గేటు దాటించి ఒక్క మేకు కూడా ఇంటికి తెచ్చిన మనిషి కాదు. మేం చేసిన బొమ్మరైలు మొత్తం ఊళ్ళో జనం పారేసిన వస్తువులతో తయారు కావడానికి అదే కారణం.

అమ్మకు ఒక్కడే తమ్ముడు, సింహాచలం మావయ్య. మా ఇంటికి పట్టుమని పది మైళ్ళు లేని చరోదాలో ఉండేవాడు, అక్కడి రైల్వే యార్డులో ఫిట్టరు. ఆ మావయ్య మూడేళ్ళుగా మా గడప తొక్కలేదు. శ్రీకాకుళం నుంచి ఆయన్ని పిలిపించి, ప్లాంటులో పెట్టించాలని నాన్న తన పైవాళ్ళందరి చుట్టూ తిరిగాడు. తీరా పరీక్షకు వెళ్ళాల్సిన రోజున మావయ్య వెళ్ళి రైల్వేలో చేరిపోయాడు. "పట్టా సేసీకన్నా, దాని మీద బండి నడిపించీదే బాగుంటాది బావా" అన్నాడట పైగా. నలుగురిలో తలవంపులైందని నాన్న మండిపడ్డాడు. మళ్ళీ నా ఇంటికి రావద్దన్నాడు. రానన్నాడు మావయ్య. ఇద్దరూ మాటమీద నిలబడే మనుషులే, అదే వచ్చిన చిక్కు. అమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. మా వైపు రాఖీ కట్టే అలవాటు లేకపోయినా భిలాయి వచ్చాక అమ్మకు ఆ పండగ మీద మహా ఇష్టం పట్టుకుంది. తన చేత్తో కట్టాల్సిన రాఖీని మూడేళ్ళూ కాగితంలో మడిచి నాకిచ్చి పంపింది. నేను వెళ్తే నాన్న చూడనట్టు ఊరుకునేవాడు. నేను తిరిగొచ్చాక అమ్మ నన్ను వంటింట్లో కూచోబెట్టి, తమ్ముడు సన్నబడ్డాడా, ఏం కూర తిన్నాడు, నవ్వాడా అని గుచ్చి గుచ్చి అడిగేది. తమ్ముడు మళ్ళీ ఈ ఇంట్లో పీటవేసుకుని అన్నం తినాలి, అమ్మకు ఉన్న కోరిక అదొక్కటే.

ఇందులోకి రైలు ఎలా వచ్చిందంటే, రాజిం జాతర వల్ల వచ్చింది. రాయపూర్ నుంచి రాజిం వెళ్ళే చిన్నబండిలో మమ్మల్ని నాన్న జాతరకు తీసుకెళ్ళాడు. పెద్దలైన్లో సగం కూడా ఉండదు ఆ పట్టాల మధ్య దూరం. బొమ్మబండిలా ఉందని నాన్న నవ్వుతుంటే అమ్మ మాత్రం కిటికీ వదల్లేదు. అమ్మా మావయ్యా పుట్టి పెరిగింది అలాంటి లైను పక్కనే. నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే చిన్నబండి లైన్లో మా తాత గ్యాంగ్‌మన్. పట్టాలు సరిగా ఉన్నాయో లేదో చూస్తూ రోజూ మైళ్ళకు మైళ్ళు నడిచేవాడు. తాత ఎక్కడ పనిలో ఉంటే అక్కడ డ్రైవరు బండి నిదానం చేసి అన్నం కారియర్ అందించేవాడట. ఇంట్లో నాలుగు ముక్కలు మాట్లాడని అమ్మ ఆ రోజు రాజిం దాకా ఆగకుండా మాట్లాడింది. చింతపండు బస్తాల వాసన గురించీ, ఇంజను నీళ్ళు పట్టుకునేటప్పుడు పిల్లలందరూ కింద చేరి తడవడం గురించీ, మావయ్య నోటితో బండి కూత వేసి ఊరందరినీ స్టేషనుకు పరిగెత్తించడం గురించీ చెప్పి చెప్పి నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఇంటికి చేరగానే నోటుబుక్కు చివరి పేజీలో చిన్నబండి బొమ్మ వేసి, ఇది చేసి అమ్మకు ఇవ్వాలని నాన్నతో చెప్పాను. ఆయన కాగితాన్ని కూడా ఒక కన్ను మూసే చూశాడు. "చక్రాల సంగతి నాకు తెలీదే అమ్మలూ. పట్టాలు కావాలంటే సెప్పు" అన్నాడు.

అంతే, ఇల్లు మిల్లయిపోయింది! ఆదివారాలు నాన్న సైకిలు వెనక కూర్చుని క్యాంప్ టూ వెళ్ళి పాడైపోయిన గొడుగులు పోగుచేశాను. ఊచ ఉక్కుముక్క, ఊరికే వంచితే మళ్ళీ లేచిపోతుంది. వంటింటి వెనక బొగ్గుల సిగిడీ కుంపటి మీద దాన్ని ఎర్రగా కాల్చి, బూడిదలో కప్పి మెల్లగా చల్లారనిస్తే చెప్పినమాట వింటుందని నాన్న నేర్పాడు. బొగ్గుపొగ, కాలిన తుప్పు, పక్కనే అమ్మ వేసే ఆవాల తాలింపు, అన్నీ కలిసి ఒక వాసన వచ్చేది. ఇప్పటికీ నాకు సంతోషం అంటే ఆ వాసనే. పట్టాల కింద పరిచే చెక్కలకోసం నేనూ నా స్నేహితురాళ్ళూ సినిమాహాలు బయట ఐస్‌క్రీం పుల్లలు ఏరాం. వాటిని కడిగి, టీ డికాక్షన్‌లో నానబెట్టి ఆరేస్తే వానకు ఎండకు పాతబడ్డ చెక్కల్లా తయారయ్యాయి. ఒక పాకింగు పెట్టె మూత మీద కోడిగుడ్డు ఆకారంలో బాట గీసుకుని, ఊచలను సన్నటి మేకులతో బిగించాడు నాన్న. నైట్ షిఫ్టు చేసి వచ్చి కూడా పడుకోకుండా దాని ముందు బోర్లా పడుకునేవాడు. పూర్తయిన రోజున అమ్మను పిలిచి చూపించాడు. అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఒంగి, చాలాసేపు చూసి, "బాగుంది" అని వెళ్ళిపోయింది. ఇంత పని చేస్తే ఇంతేనా అని నాన్న చిన్నబుచ్చుకున్నాడు.

ఇక చక్రాలు. భిలాయి మొత్తంలో చక్రాల గురించి నాకు తెలిసిన మనిషి ఒక్కడే. పక్కింటి దీదీ పుట్టిల్లు చరోదాయే. ఆవిడ వెళ్ళే ఆదివారం నన్నూ పాసింజరు బండి ఎక్కించుకుని తీసుకెళ్ళింది. బయల్దేరేముందు నాన్న పేపరులోంచి తల ఎత్తకుండా, "పట్టాల మద్దిన పాతిక మిల్లీమీటర్లు. ఎవురైనా అడిగితే సెప్పు" అన్నాడు. ఎవరడుగుతారో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. చరోదాకు దగ్గరి భిలాయి-3 స్టేషన్లో దిగేదాకా పాతిక, పాతిక అని వల్లించుకుంటూనే ఉన్నాను. మావయ్య నా నోటుబుక్కు బొమ్మ చూసి ఒక్క గెంతు గెంతాడు. "ఓలమ్మ! మా బండేనే ఇది!" అని అత్తను కేకేశాడు. అత్త జాకెట్లు కుట్టేది. ఆవిడ కుట్టుమిషను సొరుగులో ఖాళీ అయిన చెక్క దారపురీళ్ళు ఉంటే, అవి తీసి నడుముకు కోశాడు. రీలు అంచు పెద్దది, నడుము చిన్నది కదా, సగానికి కోస్తే రైలుచక్రమే! పట్టా దిగిపోకుండా పట్టుకునే అంచు దేవుడిచ్చినట్టు దానికే ఉంది. ఇరుసులకి సైకిలు పుల్లలు. ఇంజను పొట్టకి అమ్మ పౌడరు డబ్బా, అందులో ఇంకా సగం పౌడరుంటే కాగితంలోకి ఒంపేసి ఇచ్చింది అమ్మ. లోపల నడిపించడానికి పాతసామాన్లవాడి దగ్గర తెచ్చిన అలారం గడియారం. కీ ఇస్తే చక్రం తిరగాలి. నెల తిరిగేసరికి మావయ్య దాన్ని గుడ్డసంచీలో పెట్టి నా చేతికిచ్చాడు. పెద్దింజను ఇచ్చినా అంత గర్వంగా మోసేదాన్ని కాదు.

ఇల్లు చేరి, చెప్పులైనా విప్పకుండా ఇంజనును పట్టాల మీద పెట్టాను. అది కూర్చోలేదు. చక్రాల అంచులు పట్టాల లోపలికి దిగాల్సింది పోయి ఊచల వీపు మీద నిలబడ్డాయి. కీ ఇస్తే రెండు అంగుళాలు జారి పక్కకు ఒరిగింది. నాన్న ఒక కన్ను మూసి చూసి, "చక్రం తప్పు. పాతికని సెప్పినాను గదేటి" అన్నాడు. మళ్ళీ ఆదివారం చరోదాకు మోసుకెళ్ళాను. మావయ్య కాలిపర్ పెట్టి కొలిచి, "పాతిక్కి పాతికుంది. మీ నాన్న పట్టాయే తప్పు" అన్నాడు. ఆ మాట నాన్నకు చేరింది. నాన్న స్కేలు పెట్టి కొలిచాడు, అదీ పాతికే. మూడు ఆదివారాలు ఇదే తంతు. చక్రాలూ సరైనవే, పట్టాలూ సరైనవే, బండి మాత్రం కదలదు. నా ఏడుపు నాది. ఎవరికి వాళ్ళు ఎదుటివాడి పనితనాన్ని తిట్టుకుంటూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా, మధ్యలో నన్ను పాసింజరు బండిలో తిప్పుతున్నారు. ఉన్న కాస్త సందూ మూసుకుపోయిందని, నా రైలు వల్ల మావయ్య ఇంక ఎప్పటికీ రాడని భయం పట్టుకుంది నాకు.

నాలుగో ఆదివారం అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఇంజను ఇక్కడుండనీ. ఒట్టి సేతుల్తో ఎల్లు. ఎల్లి మీ మావయ్యకి సెప్పు, కొలత రాని రైలోళ్ళకి సక్రాలేల, ఎద్దుబండి సేసుకోమను అని మీ నాన్నన్నాడని సెప్పు" అంది. నాన్న అలా అనగా నేను వినలేదు. కానీ అమ్మ చెబితే అబద్ధం ఎందుకవుతుంది? ఉన్నదున్నట్టు అప్పజెప్పాను. మావయ్య అన్నం పళ్ళెం ముందునుంచి లేచిపోయాడు. కాలిపర్ చొక్కాజేబులో దోపుకుని, నన్ను సైకిలు బారు మీద ఎక్కించుకుని, చరోదా నుంచి మా క్వార్టరు దాకా ఒక్కచోట కూడా కాలు కింద పెట్టకుండా తొక్కాడు. అక్కను చూడ్డానికి మూడేళ్ళుగా రాని మనిషి కొలత తప్పన్నారని ఆగమేఘాలమీద వచ్చాడు! ఆయన చెవులు ఎర్రబడిపోవడం చూస్తుంటే నాకు లోపల ఒకటే భయం, ఒకటే ఉత్సాహం.

గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపల నాన్న టీగ్లాసుతో లేచి నిలబడ్డాడు. ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"అమ్మలూ, మీ నాన్ననడుగు, ఆ పాతిక ఎక్కణ్ణించి ఎక్కడికి కొలిసినాడో."

"పట్టా నడుమ్నించి పట్టా నడుమ్కి అని సెప్పు. ఇంకెలాగ కొలుస్తారట?"

"నడుమ్నించా!" మావయ్య నవ్వాడు. అది ఎగతాళి నవ్వు కాదు, నిజంగా ఆశ్చర్యం. చెప్పులతోనే గడప దాటి లోపలికొచ్చి, చెక్క ముందు బోర్లా పడుకుని, పట్టాల మధ్య కాలిపర్ పెట్టాడు. "ఇటు సూడు బావా! ఇదిగో, లోపలంచు నించి లోపలంచుకి. గేజీ అంటే ఇది. సక్రం పట్టా లోపల్నే గదా రాసుకుంటాది, నడుమ్తో దానికేటి పని?"

బావా అన్నానని ఆయన చూసుకోలేదు. నాన్న మాత్రం విన్నాడు. టీగ్లాసు కిందపెట్టి, చెక్కకు అటుపక్క తనూ బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి కాలిపర్ కొసల వైపు చూశాడు. ఇద్దరి తలల మధ్య జానెడు దూరం.

"ఇరవై రెండే ఉందేటి" అన్నాడు నాన్న.

"మరదే."

నాన్న వేలితో ఒక పట్టా లోపలంచును తడిమాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "మా మిల్లులో పట్టాని ఒక్కో దాన్నే సూస్తాం రా సింహాచలం. ఒక్కటి ఎలాగుండాలో నాకు తెలుసు. జతగా పరిసింది ఎప్పుడు సూసినాను?"

"జత కట్టీది మా పని బావా. నీకెలాగ తెలుస్తాది? సక్రాలు ఇరుసు మీద లోపలికి నొక్కీస్తాను, రెండు నిమిషాల్లో అయిపోద్ది."

"వద్దు" అన్నాడు నాన్న. "తప్పు పట్టాది. పట్టానే మారుద్దాం." అంటూనే మేకులు పీకడం మొదలుపెట్టాడు. నెలరోజులు నిద్ర మానుకుని బిగించిన ఊచలు ఒక్కొక్కటిగా ఊడివచ్చాయి. మా నాన్న నోటితో తప్పైందని అనగా నేను ఎప్పుడూ వినలేదు. ఆ రోజు ఆయన మేకులు పీకడం మాత్రం చూశాను.

సాయంత్రం దాకా పట్టింది మళ్ళీ బిగించడానికి. మావయ్య కాలిపర్ పట్టుకుంటే నాన్న మేకు కొట్టాడు. మధ్యలో అమ్మ అన్నానికి లేవమంది. మావయ్యకు ప్రాణమైన వంకాయ మెత్తళ్ళ పులుసు, ముందురోజే తెప్పించి ఉంచుకున్న ఎండుచేపలు. ముగ్గురికి సరిపోయే అన్నం కాదు, నలుగురికి మిగిలేంత వండింది. మాకు అది వింతగా తోచలేదు, ఆకలిమీద ఉన్నాం. పీటవేసుకుని కూర్చున్న మావయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని తల వంచుకున్నాడు. అమ్మ ఏమీ పట్టనట్టు పులుసు పోస్తూనే ఉంది.

ఆ తర్వాత కీ ఇచ్చి వదిలాం. పౌడరు డబ్బా ఇంజను దడదడలాడుతూ కదిలింది. మొదటి మలుపు తిరిగింది! రెండో మలుపు దగ్గర కాస్త తడబడింది, నేను చెయ్యి పెట్టబోతే ఇద్దరూ ఒకేసారి "ఆగు!" అని అరిచారు. తనంతట తానే సర్దుకుని చుట్టు పూర్తి చేసింది. ఇంకో చుట్టు. ఇంకో చుట్టు. నేను గెంతిన గెంతులకు, అప్పుడే చరోదా నుంచి తిరిగొచ్చిన పక్కింటి దీదీ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. అరుగు మీద జనం పోగయ్యారు. వంటింటి గుమ్మంలో నిలబడి, "కూత లేదేటి మీ బండికి?" అంది అమ్మ. మావయ్య రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, నౌపడ బండి కూత వేశాడు. ఇల్లు మారుమోగిపోయింది. అమ్మ పగలబడి నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ ఏడాది రాఖీ కాగితంలో మడిచి పంపాల్సిన పని పడలేదు.

ఇప్పుడు చక్రాలకు దారపురీళ్ళు దొరకవు, రీళ్ళన్నీ ప్లాస్టిక్కే. ఫోనులో నొక్కితే నాలుగో రోజుకి గేజీ తప్పని చక్రాలు గుమ్మంలోకి వస్తాయి, కొలత ఎవరినీ అడగక్కర్లేదు. పాడైపోయిన డీవీడీ ప్లేయర్లోంచి మోటారు పీకి పెట్టాను. నౌపడ లైనూ రాజిం లైనూ చిన్నపట్టాలు పీకేసి పెద్దవి వేశారు. మంచిదే, జనానికి సుఖమే. నాన్నా మావయ్యా ఇద్దరూ ఈ లోకంలో లేరు. అయినా గొడుగు ఊచ కాల్చి బూడిదలో కప్పగానే నాకు అప్పటి తొందరే వస్తుంది, ఆ రోజుల్లో లాగే అన్నం కూడా మరిచిపోతాను. అప్పటికన్నా ఇప్పుడు చెయ్యడం చాలా తేలిక. కానీ ఈ చక్రాల కోసం ఏ ఇంటికీ వెళ్ళాల్సిన పని లేదు, ఏ మనిషినీ కలవాల్సిన పని లేదు. అక్కడే నాకు కొంచెం వెలితిగా ఉంటుంది.

మొన్న భోజనాల బల్ల మీద కొత్త పట్టాలు బిగిస్తున్నాను. అమ్మకు ఎనభై అయిదు దాటాయి, నా దగ్గరే ఉంటుంది, కంటి ఆపరేషన్ అయ్యాక చూపు నాకన్నా బాగుంది. కుర్చీ జరుపుకుని వచ్చి, ఒంగి, పట్టాల వైపు చూసి, "ఈ పక్క నూలంత తగ్గింది" అంది. స్కేలు పెట్టి చూస్తే నిజమే.

"నీకెలా తెలుసమ్మా?"

"తెలీకేటి? గేజీ కొలిసీ కర్ర మా నాయన ఎనకాల మోసిందెవురు? సింహాచలం బడికెల్లిపోతే నానే గదా రోజూ పట్టుకుని నడిసినాను."

సుత్తి కింద పెట్టేశాను. "అంటే ఆ రోజు నాన్న పిలిచి చూపించినప్పుడే నీకు తెలిసిపోయిందా?"

"సూడగానే."

"కొలత రాని రైలోళ్ళు అని నాన్న అన్నాడన్న మాట?"

"మీ నాన్నకి అంత మాటలెక్కడివి, పాపం."

"మరి నెల్లాళ్ళు ఏడ్చానే నేను! ఒక్కమాట చెప్పలేకపోయావా?"

అమ్మ నా చేతిలో స్కేలు తీసుకుని పక్కన పెట్టింది. "సెప్పీస్తే మీ నాన్న ఆ పూటే సరిసేసీవోడు. సక్రాలు నువ్వు సంచీలో ఎట్టుకుని వొచ్చీదానివి. బండి బాగానే తిరిగీది" అంది. "మావోడే వొచ్చీవోడు కాదు."